ఏఎన్‌ఏ పాజిటివ్ వస్తే లూపస్ ఉన్నట్టేనా?

ప్రశ్న: నా వయసు 27. ఎండకు చెంపలు కందుతున్నాయి, పొద్దున్నే వేళ్ల కీళ్లు బిగుసుకుంటున్నాయి. ఏఎన్‌ఏ పరీక్ష పాజిటివ్ వచ్చింది. ఇది లూపసేనా?

జవాబు: ఏఎన్‌ఏ అనేది మన సొంత కణాల కేంద్రకాలపైనే తయారయ్యే యాంటీబాడీలను చూసే రక్తపరీక్ష. ఆ పరీక్ష ఒక్కటే లూపస్ (రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరంపైనే దాడి చేసే జబ్బు) ఉందని తేల్చదు; ఆరోగ్యవంతుల్లోనూ అది పాజిటివ్ రావచ్చు. అయినా ఈ లక్షణాలతో మీరు త్వరగా రుమటాలజిస్టును (కీళ్లు, ఇలాంటి రోగనిరోధక జబ్బుల నిపుణులను) కలవాలి. లూపస్ దద్దు సాధారణంగా చెంపలపైనా ముక్కు దూలంపైనా పరుచుకుని, ముక్కు పక్కనుంచి పెదవి మూలకు దిగే మడతలను వదిలేస్తుంది కాబట్టి, కనిపించిన రోజే ఫొటో తీసి డాక్టరుకు చూపించండి. యాంటీ డీఎస్‌-డీఎన్‌ఏ, యాంటీ స్మిత్ (రెండూ లూపస్‌లో కనిపించే యాంటీబాడీలు), సీ3, సీ4 (రక్తంలోని రోగనిరోధక ప్రొటీన్లు), రక్తకణాల పరీక్షలతో పాటు మూత్రంలో ప్రొటీన్ పరీక్ష తప్పనిసరి; కిడ్నీలు దెబ్బతింటున్నా మొదట్లో నొప్పి తెలియదు. ఈలోగా స్టెరాయిడ్ మాత్రలు సొంతంగా వాడకండి. మూత్రంలో నురగ, పాదాల వాపు, ఆయాసం కనిపిస్తే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.