మక్కల డబ్బు జూన్‌ది, ట్రాక్టర్‌ది కాదు

ప్రశ్న: మాది నిర్మల్ జిల్లా, ముధోల్ దగ్గర ఒక పల్లె. నాకు 36 ఏళ్లు. నాన్న పేరున ఐదెకరాలుంది, ఇంకో మూడెకరాలు కౌలుకు చేస్తున్నా. వానాకాలం ఎనిమిదెకరాల్లోనూ సోయా, యాసంగిలో బోరు కింద ఐదెకరాల మక్క. పోయిన సోయా 48 క్వింటాళ్లు ఎప్పుడూ ఉద్దెర తెచ్చే ఎరువుల దుకాణంలోనే 4,200 చొప్పున అమ్మాను. మక్క మాత్రం బాగా పండింది. 160 క్వింటాళ్లు, క్వింటాలు 2,150కి పోయింది, 3,44,000 ఖాతాలో పడ్డాయి. ఇందులో రెండు లక్షలు డౌన్‌పేమెంట్ కట్టి ట్రాక్టర్ తీసుకుందామని ఉంది. మిగతా ఆరు లక్షలు ఫైనాన్స్: 14 శాతం వడ్డీ, ఆరు నెలలకో కిస్తీ, ఐదేళ్లు. సోయా పెట్టుబడి మళ్లీ దుకాణంలో ఉద్దెర తెస్తా, నూటికి రెండు రూపాయల మిత్తి. అక్కడ నవంబరు నాటి బాకీ 60 వేలుంది. పంట రుణం లక్షన్నర, అది రెన్యువల్ చేయిస్తే సరిపోతుంది. ఊర్లో 14 ట్రాక్టర్లున్నాయి, బాడుగకు తిప్పితే కిస్తీ వెళ్లిపోతుందని వాళ్లంటున్నారు. ఇంట్లో అమ్మ, నాన్న (64), భార్య, ఇద్దరు పిల్లలు. ఇంటి ఖర్చు నెలకు 15 వేలు. మ్యూచువల్ ఫండ్‌లో నెలకు కొంత సిప్ కూడా కట్టమంటారా?

జవాబు: ట్రాక్టర్ వద్దు. ఈ ఏడాదైతే అసలే వద్దు.

ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా రెండు విడతలుగా వస్తాయి, దసరా దాటాక కొన్ని, ఏప్రిల్ చివర కొన్ని. అన్నీ పంట అమ్మిన పదిహేను రోజుల్లో రాసినవే. ఖాతాలో ఆరంకెలు కనపడగానే అదంతా లాభమే అనిపిస్తుంది. మీ ఒక్కరి పొరపాటు కాదు కాబట్టే దీన్ని ఎంచుకున్నాను. మీరు పంపిన లెక్కల కాగితాన్నే ఓసారి మీ ముందు విప్పుతాను.

3,44,000లో ముందుగా పంట రుణం 1,50,000 కట్టేయండి. దుకాణం బాకీ 60,000, దాని మీద ఆరు నెలల మిత్తి 7,200. అవి పోగా చేతిలో 1,26,800. సోయా డబ్బు కళ్లజూసేది అక్టోబరు చివర. అప్పటిదాకా ఆరు నెలల ఇంటి ఖర్చు 90,000. ఇక మిగిలింది 36,800. కట్టిన పంట రుణం బ్యాంకు మళ్లీ ఇస్తుంది కాబట్టి లక్షన్నర కలిపితే 1,86,800. సోయాకు మీరే ఎకరానికి 16,500 ఖర్చు రాశారు, ఎనిమిదెకరాలకు 1,32,000. కౌలు 36,000. రెండూ తీసేస్తే 18,800.

మీ 3,44,000లో మీది ఈ 18,800. బ్యాంకు వడ్డీ ఇంకా తియ్యనే లేదు. ఇందులోంచి రెండు లక్షల డౌన్‌పేమెంట్ ఎక్కడినుంచి వస్తుంది? జూన్‌లో వేయాల్సిన విత్తనాల్లోంచి వస్తుంది. దాన్ని పూడ్చడానికే కదా మళ్లీ ఉద్దెర!

ఇప్పుడు కిస్తీ సంగతి. ఆరు లక్షలు, 14 శాతం, పది కిస్తీలంటే ఒక్కో కిస్తీ దాదాపు 85,400. మొదటిది సోయా అమ్మేనాటికి కట్టాలి. పోయినసారి సోయా మీద మీకు వచ్చింది 2,01,600. పెట్టుబడి, కౌలు పోగా 33,600. అదే నెలలో మక్కకు దుక్కి, విత్తనం, డీఏపీ కూడా కొనాలి. 33,600లోంచి 85,400 తీసే విద్య నాకు తెలియదు. ఆ ఫైనాన్స్ కాగితం మీద సంతకం పెట్టించుకునేవాళ్లకూ తెలియదు. వాళ్లకు అక్కర్లేదు, బండి వాళ్ల దగ్గర తాకట్టులోనే ఉంటుంది.

బాడుగ మాట నమ్మకండి. పద్నాలుగు ట్రాక్టర్లున్న ఊళ్లో మీది పదిహేనోది. మృగశిరలో వాన పడి పదును వచ్చిందంటే అందరికీ అదే వారం దుక్కి కావాలి. ఆ వారం మీ ఎనిమిదెకరాలూ మీకు ఉంటాయి. పదును పోయాక బాడుగకు పిలిచేవాడు ఉండడు. మా మేనమామ ఇంటి ముందు వేపచెట్టు కింద ఇప్పటికీ ఒక ట్రాలీ ఉంది, దాంట్లో కోళ్లు గుడ్లు పెడతాయి. ఇంజన్ మూడో ఏటే ఫైనాన్స్ వాళ్లు తోలుకుపోయారు. ట్రాలీ మాత్రం రొక్కం పెట్టి కొన్నాడు కాబట్టి మిగిలింది.

ఉద్దెర గురించి ఇంకొంచెం కటువుగానే చెప్పాలి. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. అదే పంట రుణమైతే 7 శాతం. గడువులోగా కడితే 3 శాతం రాయితీ పోను పడేది 4 శాతమే. గడువు దాటించి, మిత్తి మాత్రం కట్టి కాగితం తిరగరాయించుకుంటే ఆ రాయితీ పోతుంది. మీ లక్షన్నర మీద అది ఏడాదికి 4,500. అయినా ఉద్దెరలో అసలు నష్టం మిత్తి కాదు. 2025–26కి సోయా మద్దతు ధర 5,328. మీరు అమ్మింది 4,200కి. క్వింటాలుకు 1,128 తేడా. ప్రభుత్వ కొనుగోలు కేంద్రంలో 12 శాతం తేమ దాటితే కొనరు, వానకు నల్లబడ్డ గింజను తిప్పి పంపుతారు, నిజమే. 48లో సగం, 24 క్వింటాళ్లే అక్కడ పోయాయనుకున్నా 27,072 ఎక్కువ వచ్చేది. పది రోజులు పరదాల మీద ఆరబోసి, కేంద్రం తెరిచేదాకా ఆగే ఓపిక మీకు లేక కాదు, ఆగే వీలు లేక. మందు డబ్బా ఉద్దెర తెచ్చిన రోజే ఆ సోయా దుకాణదారుది అయిపోయింది. కాంటా, తరుగు, ధర అన్నీ ఆయన చెప్పినవే.

అందుకే ఎప్పుడూ చెప్పేదే మళ్లీ చెబుతున్నా, విసుక్కోకండి: అత్యవసర నిధి. జీతగాళ్లకు ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టుకోమంటాం. జీతం ఆగితే వాళ్లకు ఆగేది ఇల్లొక్కటే. మీకు ఇల్లూ ఆగుతుంది, పొలమూ ఆగుతుంది. కాబట్టి ఆరు నెలల ఇంటి ఖర్చు 90,000తో పాటు ఒక సోయా పంట పెట్టుబడి 1,32,000 కూడా ఉండాలి. మొత్తం 2,22,000.

ఎక్కువ అనిపిస్తోందా? మీ ఏడాదిని ఒక్కసారి గుర్తు చేసుకోండి. జూన్‌లో సోయా వేసిన మర్నాడు గట్టి వాన కొట్టి పైమన్ను అట్టగట్టిందంటే మొలక పైకి రాదు. మళ్లీ విత్తాలి. ఎకరానికో ముప్పై కిలోల సంచి చొప్పున ఎనిమిది సంచులు, ఇరవై వేలు దాటుతుంది. జులైలో గుంటుక తోలడానికి వాన తెరిపి ఇవ్వకపోతే కలుపు మందు ఇంకోసారి. ఆగస్టు సంగతి నేను చెప్పక్కర్లేదు. 2025 ఆగస్టు చివర కామారెడ్డి, మెదక్, నిర్మల్ జిల్లాల్లో పడ్డ వానకు ఎన్ని చేన్లు రోజుల తరబడి నీళ్లలో నిలబడ్డాయో మీ కళ్లతో చూశారు. కోత రోజుల్లో వానొస్తే కాయ పగిలి గింజ నేలపాలు. యాసంగికి వస్తే మక్క మోకాలెత్తు కాకముందే సుడిలో కత్తెర పురుగు, ఒక్క మందుతో పోదు. కంకి పాలు పోసుకునే వేళకు అడవి పందులు, రాత్రి కాపలా. ఫిబ్రవరిలో బోరు మోటరు కాలితే వైండింగ్ అయ్యేదాకా తడి ఆగుతుంది. కోతకొచ్చాక వడగళ్లు. ఇవన్నీ ఒకే ఏడు రావు. ఏదో ఒకటి రాని ఏడు మాత్రం మీకూ గుర్తుండదు. వాటిని అనుకోని ఖర్చులనడం మానేయండి.

పంటల బీమా ఉందిగా అనకండి. 2020లో తెలంగాణ ఫసల్ బీమా నుంచి బయటికి వచ్చాక సీజన్ల తరబడి నష్టం రైతు జేబులోంచే పోయింది. బీమా ఉన్నచోట కూడా క్లెయిమ్ డబ్బు మళ్లీ విత్తే రోజుకు చేతికి రాదు. ఆ రోజుకు కావాల్సింది రొక్కం.

ఈ నిధి ఎలా పోగవుతుంది? మీ లెక్కలో నేను కావాలనే రైతు భరోసా, పీఎం కిసాన్ కలపలేదు. ఎకరానికి ఏడాదికి 12,000 చొప్పున ఐదెకరాలకు 60,000, కిసాన్ 6,000, మొత్తం 66,000. ఎప్పుడు పడతాయో ముందే చెప్పలేని డబ్బును నమ్ముకుని విత్తనాలు కొనకూడదు, పడ్డప్పుడు ఖర్చుల్లో కలిపేయనూ కూడదు. అవి నాన్నగారి ఖాతాలో పడతాయి కదా, ఆ ఖాతాను మీ ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా జాయింట్‌గా మార్పించి, దాన్నే నిధి ఖాతా చేయండి. రెండేళ్లు ముట్టకపోతే 1,32,000. సరిగ్గా మీ ఒక సోయా పెట్టుబడి. ఇప్పుడు మిగిలిన 18,800 కూడా అందులోనే వేయండి. సగం ఎఫ్‌డీ, సగం పొదుపు ఖాతా, అంతకు మించి తెలివితేటలు వద్దు. మొదటి ఏడాది ఎప్పుడైనా తక్కువ పడితే ఇంట్లో బంగారం బ్యాంకులో పెట్టండి, దుకాణం గడప మాత్రం ఎక్కకండి.

రెండో సంగతి మీరు అడగలేదు, కానీ ఉత్తరంలో నాకు మొదట కనపడింది అదే. రైతు బీమా ఐదు లక్షలు మాకు ఎలాగూ ఉందని చాలామందిలాగే మీరూ అనుకుంటూ ఉండొచ్చు. అది 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారుకు. నాన్నగారికి 64, ఆయన వయసు దాటిపోయారు. పాసుబుక్కు మీ పేరున లేదు, మీకూ లేదు. ఆరుగురు తినే ఇంట్లో సంపాదించే మనిషి మీద ఒక్క రూపాయి బీమా లేదన్నమాట. ఒక్క గుంట పేరున ఉన్నా ఆ పథకంలోకి రావచ్చు. నాన్నగారితో మాట్లాడి కొంత భూమి మీ పేరున రిజిస్టర్ చేయించుకోండి. రైతు బీమా ఏడాది ఆగస్టు 14న మొదలవుతుంది, ఆలోపు పాసుబుక్కుతో వ్యవసాయ విస్తరణాధికారిని కలవాలి. ఎకరం మీ పేరుకు మారితే దాని రైతు భరోసా మీ ఖాతాలో పడుతుంది, అదీ నిధికే. ఇదిగాక 50 లక్షల టర్మ్ పాలసీ, అంటే మనిషి పోతేనే ఇంటికి డబ్బు వచ్చేది, ఒకటి తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియం మీద జీఎస్టీ లేదు. డబ్బు వెనక్కి వచ్చే పాలసీ తీసుకోమని ఎవరైనా చెబితే వినకండి.

సిప్: నిధి నిండాక. ట్రాక్టర్: నిధి నిండి, సగం ధర రొక్కంగా చేతిలో ఉన్న ఏడాది, అదీ పాతది, వీలైతే ఇంకొకరితో భాగంగా. కౌలు మూడెకరాలు మీకు గిడుతున్నాయా అన్నది వచ్చే అక్టోబరులో విడిగా లెక్క రాసి పంపండి. నాకైతే అనుమానమే.

పంట రుణం కట్టడానికి ఎలాగూ ఈ వారం బ్యాంకుకు వెళ్తారు. అక్కడే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి (జీవిత బీమా), సురక్ష (ప్రమాద బీమా) ఫారాలు రెండూ నింపండి. ఏడాదికి 436, 20, కలిపి 456 రూపాయలు. వాటి ఏడాది జూన్ 1న మొదలవుతుంది. నాన్నగారిని వెంట తీసుకెళ్లండి, రుణం ఆయన పేరునే ఉంటే సంతకాలన్నీ ఆయనవే కావాలి.