పట్నంలో కెమెరా పట్టిన అల్లుడికి

అల్లుడూ,

మాదాపూర్‌లో రూమ్ దొరికిందనీ, వారమంతా ఆఫీసు, ఆదివారం వచ్చిందంటే కెమెరా భుజాన వేసుకుని బయల్దేరుతున్నావనీ అక్క చెప్పింది. నువ్వు పంపిన చార్మినార్ ఫొటోలు చూశాను. ఎక్స్‌పోజర్‌కు వంక పెట్టేది లేదు. కానీ మనుషులంతా ఎక్కడో దూరంగా ఉన్నారు, సగం మందివి వీపులే. రోడ్డుకు ఈవల నిలబడి, ఎవరైనా చూస్తారేమోనన్న భయంతో పెద్ద జూమ్‌లోంచి తీసినట్టు తెలిసిపోతోంది. ఇప్పుడు ఇంకా పెద్ద లెన్స్ కొంటానంటున్నావట. కొనకు.

మన నల్గొండ గడియారం సెంటర్లో నువ్వు కెమెరా తీస్తే ఫలానా వాళ్ల పిలగాడని ఎవరో ఒకరు గుర్తుపడతారు. పట్నంలో ఆ గుర్తింపు నువ్వే సంపాదించుకోవాలి. అందుకని ఒక్క జాగా పట్టుకో. ఇవాళ లాడ్ బజార్, వచ్చే వారం ట్యాంక్‌బండ్, ఆ పై వారం గోల్కొండ అని తిరిగితే ఎక్కడైనా కొత్తవాడివే. నన్నడిగితే సికింద్రాబాద్ మోండా మార్కెట్‌కు పో. పొద్దున్నే పో, నెలల తరబడి పో. మొదట్లో కెమెరా సంచిలోనే ఉండనీ. చాయ్ తాగు, నిమ్మకాయలు కొను, మాట్లాడు. ఎవరినైనా తీశావంటే మళ్లీ వారం ఆ ఫొటో ప్రింటు వేయించి చేతిలో పెట్టు. వాట్సాప్‌లో పంపితే లెక్కలోకి రాదు. ప్రింటు అయితే గంప ముందు కూర్చుని అమ్మే ఆమె దాన్ని కొంగుతో తుడిచి, పక్క గంప ఆమెకు చూపించి, గల్లా డబ్బాలో పైసల కింద పెట్టుకుంటుంది. మళ్లీ నువ్వు కనిపించగానే పక్కామె "నాదెప్పుడు తీస్తవు?" అంటుంది. ఇక ఆ గల్లీలో నీకు జూమ్‌తో పనేముంది?

నీ దగ్గరున్న 35 ఎంఎం లెన్స్ చాలు. నీది క్రాప్ సెన్సర్ బాడీ, అంటే లోపలి సెన్సర్ చిన్నది, కాబట్టి అది సుమారు 50 ఎంఎం లాగా పని చేస్తుంది. వెలుతురు బాగుంటే లెన్స్ రంధ్రం ఎఫ్ 8 పెట్టు, షట్టర్ సెకనులో 250వ వంతు, వెలుతురును అందుకునే ఐఎస్ఓ ఆటో. ఉరికే పిల్లలకూ బండ్లకూ షట్టర్ 500వ వంతుకు పెంచు. ఆ తర్వాత మీటల జోలికి పోకుండా మనుషుల్ని చూడు.

ఎవరైనా వద్దంటే వాదించకు, వాళ్లకు చూపించి మరీ చెరిపెయ్. ఆడవాళ్లను ఏకాంతంలో వాళ్లకు తెలియకుండా తీయడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం, అది నీకు చెప్పక్కర్లేదు. చట్టం అడ్డం రాని చోట కూడా, ఫుట్‌పాత్ మీద నిద్రపోతున్న మనిషిని తీసి లైకులు ఏరుకోవడం నాకు అస్సలు నచ్చదు.

పోర్ట్రెయిట్‌కు లైట్లు కొనే ముందు ఒకసారి ఊరికి వచ్చి పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో కాసేపు కూర్చో. పొద్దు ఎటు తిరిగినా లింగం వెనక నీడ కదలదని చిన్నప్పుడు అబ్బురపడ్డావు. ఇప్పుడు ఫొటోగ్రాఫర్‌గా చూడు. ఎండ నేరుగా లోపల పడదు. బయటి వెలుతురు చెదిరి, స్తంభాల సందుల్లోంచి లోపలికి వస్తుంది, దానికి స్తంభం అడ్డుపడిన చోట నీడ నిలుస్తుంది. మనిషి ముఖానికి కావలసింది కూడా అలాంటి చెదిరిన వెలుతురే. మిట్టమధ్యాహ్నమైనా సరే, మొజంజాహీ మార్కెట్ రాతి కమాను కిందో, ఏ దుకాణం గడప లోపలో మనిషిని నిలబెట్టి, ముఖం వీధి వైపు తిప్పించు. నువ్వు గడప బయట నిలబడు. ఫోకస్ నీకు దగ్గరగా ఉన్న కంటి మీద పెట్టు. "నవ్వండి" అనకు, పళ్లు తప్ప ఏమీ రావు. ఈ దుకాణం ఎవరు పెట్టారని అడుగు, జవాబు చెప్పేసి మూతి మూసుకునే క్షణంలో నొక్కు.

చేతుల సంగతి కూడా పట్టించుకో. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టిన రాజా దీన్ దయాళ్ (1844–1905) తీసిన బొమ్మలు దొరికితే చూడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు ఆస్థాన ఫొటోగ్రాఫర్ ఆయన. మన మహబూబ్‌నగర్‌కు పేరు వచ్చింది ఆ నిజాం మీదుగానే. ఫిల్మ్‌కు బదులు గాజు ప్లేట్ల మీద ఫొటోలు తీసిన ఆ కాలంలో కూర్చున్న మనిషి చేతులు ఎక్కడ పెట్టించాడో గమనించు. మనవాళ్లు ముఖం ఒక్కటే చూసుకుని చేతుల్ని గాలికి వదిలేస్తారు.

ఇక పైసలొచ్చే పని, లగ్గాలు. ముందురోజే పెళ్లికూతురి మేనమామను పరిచయం చేసుకో, ఎవరు ముఖ్యులో, ఎవరికి ఎవరితో మాటల్లేవో ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియదు. పంతులుగారిని ముహూర్తం గడియ అడిగి పెట్టుకో. అడ్డుతెర పట్టగానే ఆయన భుజం పక్కకు చేరిపో. గట్టిమేళం మోగుతుంది, ఒకరి తల మీద ఒకరు జీలకర్ర బెల్లం పెడతారు, తెర దించుతారు, నలువైపులా అక్షింతలు పడతాయి, పెళ్లికూతురు కళ్లు గట్టిగా మూసుకుంటుంది. అందరూ అక్కడే తీసి ఊరుకుంటారు. నువ్వు ఆగు. అక్షింతలు తగ్గాక ఆమె కళ్లు తెరిచి ఎదుటి మనిషిని చూస్తుంది. ఆ చూపు మళ్లీ చేయించి తీసేది కాదు. వీడియో అతనితో ముందే మాట్లాడుకోకపోతే అప్పుడే అతని మోచెయ్యి నీ లెన్స్‌కు అడ్డం వస్తుంది.

ఫంక్షన్ హాల్ లైట్ల కింద ఫొటోల్లో చారలు పడుతున్నాయన్నావు. మన కరెంటు 50 హెర్ట్జ్, చాలా లైట్లు సెకనుకు వందసార్లు మినుకుతాయి. షట్టర్ సెకనులో 50వ వంతులోనో 100వ వంతులోనో ఉంచితే చాలావరకు పోతాయి. కార్డులు రెండు చోట్ల కాపీ అయ్యేదాకా ఫార్మాట్ చేయకు.

ఖైరతాబాద్ నిమజ్జనం తీయాలని ఉబలాటపడుతున్నావు కదా. ఆ జనంలోకి దిగే ముందు మన చెర్వుగట్టు జాతరలోనో, సూర్యాపేట దగ్గర రెండేళ్లకోసారి వచ్చే పెద్దగట్టు జాతరలోనో అలవాటు చేసుకో. సంచి ముందుకు వేసుకో, వెడల్పు లెన్స్ ఒక్కటే పెట్టుకో, గుంపులో లెన్స్ మార్చకు. పొద్దున్నే పోయి ఏదో ఒక ఇంటి మిద్దె మీద నిలబడేందుకు అడిగి పెట్టుకో.

ఒక్క సంగతి చాలామందికి తెలియదు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఎవరైనా డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, వాళ్లే హక్కుదారులు. నీ ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకోవాలంటే ముందే కాగితం మీద రాయించుకో. అదే కాగితం మీద అడ్వాన్సు ఎంతో, ఆల్బమ్‌లో ఎన్ని పేజీలో, ఎప్పుడు ఇస్తావో కూడా రాయి. చుట్టాలైనా సరే అడ్వాన్సు తీసుకోకుండా తేదీ ఇవ్వకు. మీ అమ్మ ఏమన్నా అంటే నా పేరు చెప్పు.

మీ మామ,
నల్గొండ