అల్లుడూ, కొత్త సర్వర్ ఇప్పుడే కొనకు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. బ్రాంచి సర్వర్‌లో నెట్‌వర్క్‌ను కనిపెట్టి చూసే నాగియోస్ ప్రోగ్రామ్‌లో అయిదు నిమిషాలకోసారి జరగాల్సిన చెక్‌లు పది నిమిషాలకు గాని జరగడం లేదనీ, హెడ్డాఫీసు సర్వరేమో అర్ధరాత్రి ఉత్తుత్తి అలారాలతో నిద్ర లేపుతోందనీ, పెద్ద మెషిన్‌కు కొటేషన్ అడిగావనీ రాశావు. ఆ కొటేషన్ కాస్త పక్కన పెట్టు.

ముందు బ్రాంచిలో నాగియోస్ పనితీరు లెక్కలు చూపే నాగియోస్టాట్స్ కమాండ్ నడిపి రెండు అంకెలు చూడు. చెక్ మొదలు కావాల్సిన సమయానికీ నిజంగా మొదలైన సమయానికీ ఉన్న తేడా లేటెన్సీ. చెక్ నడవడానికి పట్టింది ఎగ్జిక్యూషన్ టైమ్. రెండోది పెద్దదైతే చెక్ చేసే చిన్న ప్రోగ్రాములను, అంటే ప్లగిన్‌లనో, జవాబివ్వని రూటర్లనో అనుమానించు. మొదటిదొక్కటే వందల సెకన్లుండి, సీపీయూ ఖాళీగా ఉంటే, చెక్‌లను వేళకు మొదలుపెట్టే షెడ్యూలర్ దేనికోసమో చేతులు కట్టుకుని నిలబడిందన్నమాట.

మీలాంటి ఏర్పాటులో అది నిలబడేది చాలావరకు ఓసీఎస్‌పీ కమాండ్ దగ్గరే. ప్రతి ఫలితాన్నీ హెడ్డాఫీసుకు చేరవేసే స్క్రిప్టును పిలిచేది అదే కదా. మీరు వాడే 3వ వెర్షన్‌లో చెక్‌లు ఒకేసారి చాలా నడుస్తాయి గాని ఈ కమాండ్ మాత్రం ఒకదాని వెనక ఒకటే. అది ముగిసేదాకా నాగియోస్ ఇంకో పని ముట్టదు. లెక్క వేసి చూడు. చెక్ చేయాల్సినవి, అంటే సర్వీసులు, 2,000; అయిదు నిమిషాలంటే 300 సెకన్లు: ఒక్కో ఫలితానికి దక్కేది 0.15 సెకను. మీ స్క్రిప్టు ప్రతిసారీ ఫలితాలు పంపే సెండ్ ఎన్‌ఎస్‌సీఏ ప్రోగ్రామ్‌ను పిలిచి, 5667 పోర్టుకు కొత్త కనెక్షన్ తెరిచి, ఒక్క లైను పంపి మూసేస్తోంది. శుభలేఖలు ఒక్కొక్కటే పట్టుకుని పోస్టాఫీసుకు తిరిగినట్టు! దానికి 0.3 సెకను పట్టినా మొత్తం 600 సెకన్లు. నీ పది నిమిషాలు అక్కడివే.

స్క్రిప్టు చేయాల్సింది ఫలితాన్ని ఒక ఫైలు చివర చేర్చి వెంటనే తిరిగి రావడం, అంతే. వేరే ప్రోగ్రామ్ అయిదు సెకన్లకోసారి ఆ ఫైలు పేరు మార్చి, ఒక్క క్షణం ఆగి, లైన్లన్నీ ఒకే కనెక్షన్‌లో పంపుతుంది. పేరు మార్చాకే చదవాలి సుమా. ముందే చదివి తుడిచేస్తే ఆ మధ్యలో చేరిన లైన్లు గల్లంతవుతాయి.

నేనొకప్పుడు ఫైలుకు బదులు పైపు (ఒక ప్రోగ్రామ్ రాస్తుంటే ఇంకోటి చదువుకునే దారి) పెట్టి తెలివైనవాణ్ణనుకున్నాను. ఒక రాత్రి చదివే ప్రోగ్రామ్ చచ్చిపోయింది. అవతల చదివేవాడు లేకపోతే పైపును రాయడానికి తెరవబోయినవాడు అక్కడే ఆగిపోతాడు. ప్రతి ఫలితానికీ 5 సెకన్ల టైమవుట్ దాకా నాగియోస్ నిలబడిపోయింది. హెడ్డాఫీసులో, ఫలితం సమయానికి రాకపోతే పట్టుకునే ఫ్రెష్‌నెస్ చెక్ కూడా పెట్టలేదేమో, తెల్లవార్లూ తెర మీద అన్నీ పచ్చగానే ఉన్నాయి. నాలుగు లింకులు పడిపోయిన సంగతి పొద్దున ఫోన్లు వస్తే తెలిసింది.

అందుకే ఫలితాలు ఆలస్యమై మోగే అలారాలు విసిగించినా ఫ్రెష్‌నెస్ తీసేయకు. దాని థ్రెషోల్డ్, అంటే ఫలితం కోసం ఎదురు చూసే గడువు, 420 సెకన్లు పెడితే అయిదు నిమిషాల చెక్‌కు తగినంత సందు ఉంటుంది. పెద్ద ఏర్పాట్ల కోసం నాగియోస్‌లో ఉన్న లార్జ్ ఇన్‌స్టలేషన్ ట్వీక్స్ సెట్టింగు కూడా ఆన్ చెయ్యి, కొంత మేలు. 2013లో వచ్చిన 4వ వెర్షన్‌లో చెక్‌లు నడపడానికే విడిగా పనిచేసే ప్రోగ్రాములు, వర్కర్ ప్రాసెస్‌లు, ఉన్నాయి. మారడం మంచిదే గాని ఈ పని అయ్యాక.

మార్చేముందు ఇవాళ్టి లేటెన్సీ కాగితం మీద రాసుకో. మార్చిన గంటకు మళ్లీ చూసి రెండంకెలూ నాకు పంపు. అక్కను అడిగానని చెప్పు.

ఇట్లు,
మామయ్య