మా నాన్న ఒక్కసారిగా ఇలా ఎందుకు మారిపోయారు?

ప్రశ్న: నాన్నగారికి 63 ఏళ్లు. గ్రానైట్ క్వారీలో పనిచేసి మానేశారు. ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి, నెల నుంచి అయినదానికీ కానిదానికీ బూతులు తిడుతున్నారు. స్నానం చేయమంటే చెయ్యెత్తుతున్నారు. మెడికల్ షాపులో నిద్రమాత్రలు తెచ్చి రాత్రిళ్లు వేస్తున్నాం. గుండెకు స్టెంట్ ఉంది. రెండు నెలల కిందట బైక్ మీంచి పడ్డారు గానీ దెబ్బేం తగల్లేదు. మెదడులో కోపాన్ని అదుపుచేసే భాగం ఏది? ధ్యానంతో దాన్ని బాగుచేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, చీమకుర్తి

జవాబు: ధ్యానం సంగతి తర్వాత. ముందు మెదడుకు సీటీ స్కాన్ చేయించండి. మీరు తేలిగ్గా తీసేసిన ఆ పడటమే నన్ను కంగారు పెడుతోంది. స్టెంట్ ఉందంటే రక్తం పలచబడే మాత్రలు వాడుతూనే ఉంటారు. ఈ వయసులో, ఆ మందుల మీద ఉన్నవాళ్లకు చిన్న దెబ్బకే మెదడు పైపొర కింద రక్తం కొద్దికొద్దిగా చేరొచ్చు. పడిన రోజు ఏమీ తెలియదు. వారాలు గడిచాక తలనొప్పి, మతిమరుపు, నడకలో తూలు మొదలవుతాయి. కొందరిలో ముందు మారేది ప్రవర్తనే. ఆయనకున్నది ఇదేనని చూడకుండా చెప్పలేను. సోడియం తగ్గినా, థైరాయిడ్ తేడా చేసినా, మెదడు క్రమంగా దెబ్బతినే డిమెన్షియా అనే జబ్బులో ఒక రకంలోనూ మనిషి ఇలా మారొచ్చు. రక్తపరీక్షలూ అవసరమే.

మీరడిగినదానికి వస్తే, కోపమూ భయమూ రేగడంలో మెదడు లోపలి అమిగ్డాలాది పెద్ద పాత్ర. దాన్ని పట్టి ఉంచేది నుదుటి వెనకున్న ఫ్రంటల్ లోబ్. 1848లో అమెరికాలో రైలుమార్గం కోసం బండలు పేలుస్తుండగా ఫినియాస్ గేజ్ అనే మేస్త్రీ తలలోంచి మీటరుకు పైగా పొడవున్న ఇనుప కడ్డీ ఈ ఫ్రంటల్ లోబ్‌ను చీల్చుకుంటూ దూసుకుపోయింది. బతికాడు, నడిచాడు, మాట్లాడాడు. నోటికి మాత్రం అదుపు లేకుండా పోయిందని వైద్యం చేసిన డాక్టరే రాశారు. బండలు పేల్చడం ఎంత ప్రమాదమో క్వారీ పని తెలిసిన మీకు వేరే చెప్పక్కర్లేదు. మీ నాన్నగారూ కావాలని తిట్టడం లేదేమో. ఇంట్లోవాళ్లు ఎదురు తిట్టకండి.

నిద్రమాత్రల సంగతే నాకు మింగుడుపడటం లేదు. డాక్టర్ చీటీ లేకుండా అవి ఇవ్వడం తప్పు, తెచ్చి వేయడం ఇంకా తప్పు. పెద్దవాళ్లను ఇవి మరింత అయోమయంలో పడేస్తాయి, మళ్లీ పడిపోయేలా చేస్తాయి. లోపల రక్తం పెరిగి మగత కమ్ముకొస్తుంటే "మాత్ర పనిచేసింది, హాయిగా పడుకున్నారు" అని మీరు తలుపు దగ్గరకేసి వెళ్లిపోతారు. నా భయం అదే. డోసు పెంచొద్దు. అలాగని రోజూ వేస్తున్నవాటిని, స్టెంట్ మందులను మీ అంతట మీరు ఆపేయొద్దు. అది చూసే డాక్టర్ చెప్పాలి.

రేపే ఒంగోలు తీసుకెళ్లండి. స్కాన్ కొద్ది నిమిషాల పని. రక్తం చేరి ఉంటే, అవసరమైతే పుర్రెకు చిన్న రంధ్రం చేసి తీసేస్తారు. ఆలస్యం కాకపోతే చాలామంది కోలుకుంటారు. ఈలోగా వాంతులు, లేపినా లేవని మగత, ఒకవైపు చెయ్యీ కాలూ పట్టుతప్పడం, ఫిట్స్, వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రయినా సరే 108కి ఫోన్ చేయండి. వేసిన మాత్రల అట్టా, స్టెంట్ కాగితాలూ వెంట ఉంచుకోండి.