యాప్‌లో ‘మంచు’ అంటే ఏ మంచు?

ప్రశ్న: జనవరి చివర్లో ఐదుగురం గుల్‌మార్గ్‌కి స్కీయింగ్‌కి వెళ్తున్నాం. ఒక యాప్ 40 సెంటీమీటర్ల మంచు పడుతుందంటోంది. ఇంకోటి అదే రోజుకి 25 మిల్లీమీటర్లే చూపిస్తోంది. ఫోన్‌లో మొదటినుంచీ ఉన్న యాప్‌లో 3 డిగ్రీలు, వాన. ఏది నమ్మాలి? – కొండాపూర్, హైదరాబాద్

జవాబు: చలికాలం మొదలైందంటే ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. అందరూ అడిగేది ఏ యాప్ మంచిదని. మీ మూడు యాప్‌లూ ఒకే మాట చెబుతూ ఉండొచ్చు, చూడండి.

ఆ 25 మిల్లీమీటర్లు చాలావరకు మంచు మందం కాదు, దాన్ని కరిగిస్తే వచ్చే నీళ్లు. మామూలు లెక్క ఒకటికి పది. అంటే 25 మి.మీ. నీళ్లకి 25 సెం.మీ. మంచు. చలి బాగా ఉండి మంచు పొడిపొడిగా పడితే ఒకటికి పదిహేను, పదహారు కూడా అవుతుంది. పదహారు పెట్టి గుణించండి, మొదటి యాప్ చెప్పిన 40 సెంటీమీటర్లు వచ్చేస్తాయి.

ఇక 3 డిగ్రీల వాన. అది ఏ ఊరిదో పైన పేరు చూశారా? శ్రీనగర్‌ది అయ్యుంటుంది. శ్రీనగర్ ఎత్తు సుమారు 1,585 మీటర్లు, గుల్‌మార్గ్ సుమారు 2,650. మబ్బుపట్టి కురిసే రోజుల్లో వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందనుకుంటే, కింద 3 ఉన్నప్పుడు గుల్‌మార్గ్‌లో మైనస్ 4. గొండోలా (కేబుల్ కారు) రెండో దశ ఎక్కి అఫర్వత్ శిఖరం వైపు సుమారు 3,950 మీటర్లకి చేరితే మైనస్ 12. కింద గొడుగు, పైన మోకాలి లోతు మంచు. ఆకాశం తేటగా ఉన్న రాత్రుల్లో మాత్రం లోయే ఎక్కువ చల్లబడుతుంది, అప్పుడు ఈ లెక్క పనిచెయ్యదు.

పోనీ గుల్‌మార్గ్ అనే కొట్టారనుకుందాం. యాప్‌లు అంకెలు తెచ్చుకునేది వాతావరణాన్ని కంప్యూటర్‌తో లెక్కగట్టే మోడళ్ల నుంచి. వాటిలో అమెరికా వాళ్ల జీఎఫ్ఎస్ భూమిని సుమారు 13 కిలోమీటర్ల గడులుగా కోస్తుంది, యూరప్ వాళ్లది 9 కిలోమీటర్లుగా. ఒక్కో గడికీ ఒకటే సగటు ఎత్తు. హోటళ్లుండే మైదానం, దాని నెత్తిమీది శిఖరం ఒకే గడిలో పడితే ఆ అంకె రెండింటిలో దేనిదీ కాదు. అందుకే ఏ ఎత్తుకి చెబుతోందో చూపించని యాప్ స్కీయింగ్‌కి పనికిరాదు.

ఇక్కడో మాట అనకుండా ఉండలేను. ఈమధ్య వాతావరణ యాప్‌లకి అప్‌డేట్ వస్తే తెరమీద మంచు రేకులు రాలుతున్నాయి, వెనక కొండ బొమ్మ కదులుతోంది. అంచనా ఎప్పటిదో చెప్పే చిన్న గీత మాత్రం మాయమైంది. జీఎఫ్ఎస్ లెక్క రోజుకి నాలుగుసార్లే కడతారు. అందులో ఒకటి మన టైములో పొద్దున్న ఐదున్నరది. దాని ఫలితం బయటికి రావడానికే గంటలు పడుతుంది. పది నిమిషాలకోసారి స్క్రీన్ కిందికి లాగేవాళ్లు చూస్తున్నది పొద్దుటి పాత అంకెనే.

అదే మోడల్ 16 రోజుల దాకా అంకెలిస్తుంది. యాప్‌లు వాటిని తెచ్చి పద్నాలుగో రోజుకి కూడా సెంటీమీటర్లతో సహా చూపిస్తాయి. దుకాణంవాడు త్రాసు లేకుండా బంగారం తూచినట్టుంటుంది. కశ్మీర్‌కి మంచు తెచ్చేవి మధ్యధరా సముద్రం వైపు నుంచి ఇరాన్, అఫ్గానిస్తాన్ మీదుగా వచ్చే పశ్చిమ అల్పపీడనాలు. అంత దూరం నుంచి వచ్చేది ఒక్క రోజు ఆలస్యమైనా, కాస్త ఉత్తరానికి జరిగినా లెక్క తారుమారు. 2024 జనవరి మొదట్లో గుల్‌మార్గ్‌లో గడ్డి కనిపించింది. 2025 ఫిబ్రవరిలో జరగాల్సిన ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ మంచు లేక మార్చికి జరిగాయి. నిర్వాహకులకే అలా అయితే మీ ఐదుగురి ఫ్లైట్ టికెట్లు ఎంత? వారం దాటిన అంకెని మొగ్గు అనుకోండి, మూడు రోజుల్లోపుదైతే పట్టించుకోండి. ఆ రెండింటి మధ్య రోజులకి, యూరప్ మోడల్ 51 రకాలుగా కట్టిన లెక్కలని చూపించే యాప్ దొరికితే వాడండి. 51లో ఎన్ని మంచు అంటున్నాయో చూస్తే చాలు, సగటు వద్దు. గాలి వేగం కూడా చూడండి. ఎంత మంచున్నా గాలి గట్టిగా వీస్తే గొండోలా పై దశ ఆపేస్తారు.

ప్రశ్న: వాతావరణ యాప్ తెలుగులో పెట్టుకున్నాను. ‘హిమపాతం హెచ్చరిక’ అని వచ్చింది. మంచు పడుతుందని సంబరపడాలా, భయపడాలా? – విజయవాడ

జవాబు: రెండూ. తప్పు మీది కాదు, తర్జుమా చేసినవాళ్లది. మన పత్రికల్లో మంచు కురవడాన్నీ హిమపాతం అంటాం, కొండమీంచి మంచు చరియ విరిగి పడటాన్నీ హిమపాతమే అంటాం. నేను చూసిన ఒక యాప్ పొగమంచుకీ, కురిసే మంచుకీ ఒకే ‘మంచు’ వాడేసింది. లంబసింగిలో పొద్దున్నే చూసొచ్చే మంచు వేరు, అఫర్వత్ మీద పడే మంచు వేరు. స్కీయింగ్ ట్రిప్ వరకు ఆ యాప్‌ని ఇంగ్లిష్‌లో పెట్టుకోండి. తెలుగు కాలమ్‌లో ఈ సలహా రాయడం నాకు సిగ్గుగానే ఉంది. మంచు చరియల హెచ్చరిక అసలు యాప్‌లో వెతకాల్సింది కాదు. డీఆర్‌డీవోకి చెందిన చండీగఢ్‌లోని డీజీఆర్ఈ సంస్థ ఇచ్చే అంచనా చూడండి. అందులో జిల్లాతోపాటు ఎత్తు కూడా ఉంటుంది, గుల్‌మార్గ్ బారాముల్లా జిల్లాలోది.

ప్రశ్న: మంచు యాప్ ‘లొకేషన్ అన్నివేళలా’ అడుగుతోంది. ఇవ్వకపోతే హెచ్చరికలు రావంటోంది. – సికింద్రాబాద్

జవాబు: ఇవ్వకండి. నన్ను అన్నిటికంటే కంగారుపెట్టేది ఇదే. సికింద్రాబాద్‌లో కూర్చుని గుల్‌మార్గ్ మంచు చూడ్డానికి మీరెక్కడున్నారో దానికెందుకు? ఊరి పేరు కొడితే సరిపోతుంది. వాతావరణం పేరు చెబితే ఎవరూ అనుమానించరు, అదే దాని బలం. స్థానిక అంచనాల కోసమని లొకేషన్ తీసుకుని వేరే వ్యాపారాలకి వాడుతోందని ఒక పేరున్న వాతావరణ యాప్‌పై 2019లో లాస్ ఏంజెలెస్ నగర న్యాయవాది దావా వేశారు. రాత్రి ఫోన్ ఆగేచోటు మీ ఇల్లు. పగలు ఆగేచోటు ఆఫీసు. వారంపాటు రెండుచోట్లా లేకపోతే ఇంటికి తాళం ఉన్నట్టే. ఈ మూడూ తెలుసుకోవడానికి పేరు, నంబరు అక్కర్లేదు. కొండమీదికి వెళ్లాక కావాలంటే ‘యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే’ అని పెట్టండి, ఖచ్చితమైన లొకేషన్ ఆఫ్ చెయ్యండి, ట్రిప్ అయ్యాక యాప్ తీసేయండి. వాట్సాప్ గ్రూపులో ఎవరో పంపిన ఏపీకే ఫైలైతే అసలు ముట్టుకోవద్దు.

హెచ్చరికలు ఫోన్‌కి రావాలంటే ముందు ఫోన్‌కి సిగ్నల్ ఉండాలిగా. మన ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూకశ్మీర్‌లో పనిచెయ్యవు, పోస్ట్‌పెయిడ్‌కే రోమింగ్. కొండాపూర్ వాళ్లూ, మీ ఐదుగురిలో పోస్ట్‌పెయిడ్ ఎవరికుందో శంషాబాద్‌లో విమానం ఎక్కకముందే తేల్చుకోండి.