మార్ఫిన్ వేసుకుంటే మతి పోతుందా? మా నాన్నకు జరిగింది చెబుతాను

"క్యాన్సర్ చివరి దశలో ఉన్న మా మామయ్యకు నొప్పి తగ్గడానికి మార్ఫిన్ మాత్రలు రాశారు. నాలుగు రోజులుగా ఇంట్లో ఎవరెవరో తిరుగుతున్నారంటున్నాడు, పిచ్చి పడుతుందేమోనని భయంగా ఉంది, మాత్రలు ఆపేయాలా?" అని అడిగారు మీరు.

మీ అంతట మీరు ఆపకండి. మేం ఆపి చూసినవాళ్ళం. ఇవాళే డాక్టరుకి ఫోన్ చేయండి. చేసేముందు ఒక్క సంగతి కనుక్కోండి: నిన్నటి నుంచి ఆయనకి మూత్రం ఎంత వచ్చింది?

మా నాన్న ఆర్టీసీ కండక్టరు. సర్వీసులో సగం ఖమ్మం–సత్తుపల్లి రూట్లోనే గడిచింది. ప్రోస్టేట్ క్యాన్సర్ వెన్నెముకకి పాకాక ఆయన్ని పక్కకి తిప్పాలంటే ఇంటిల్లిపాదీ లేవాల్సి వచ్చేది. మార్ఫిన్ మొదలుపెట్టిన మూడు రోజులు మత్తుగా పడుకున్నాడు. అది మామూలే, తగ్గుతుందన్నారు, తగ్గింది. నాలుగో రోజు లేచి కూర్చుని పెరుగన్నం తిన్నాడు. ఆ తర్వాత నెలన్నర బాగానే గడిచింది. నొప్పిని బట్టి పెంచుకుంటూ నాలుగు గంటలకోసారి 20 మిల్లీగ్రాముల దాకా వచ్చాం.

ఒక రాత్రి మూడింటప్పుడు "జరగండమ్మా, ముందంతా ఖాళీయే కదా" అని వినిపించింది. చూస్తే నాన్న మంచం మీద కూర్చుని దుప్పటి అంచు ఒక్కో మడతే చింపుతున్నట్టు లాగుతున్నాడు. టికెట్లు! మాకు నవ్వొచ్చింది కూడా, ఎందుకు దాచాలి. రెండో రోజుకి కాళ్ళూ చేతులూ ఉన్నట్టుండి ఎగిరిపడటం మొదలైంది. టీ గ్లాసు పట్టుకుంటే సగం చొక్కా మీదే. దుప్పటి తగిలినా "మంట, మంట" అని అరిచేవాడు. అమ్మ మంచినీళ్ళు తెస్తే ఆమె ముఖంలోకి చూసి "ఎక్కడికమ్మా?" అన్నాడు. అమ్మ ఒక్క క్షణం ఆగి "వైరా" అంది. మళ్ళీ వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు.

మా మేనత్త అయితే తేల్చేసింది. "పోయినోళ్ళు కనపడుతున్నారంటే పిలుపొచ్చినట్టేరా, అందరికీ కబురు పెట్టు" అంది. ఆయనకి కనిపించినవాళ్ళు పోయినవాళ్ళు కాదు, ప్రయాణికులు. అయినా వినదు. దగ్గర్లో ఉన్న ప్రైవేటు ఆసుపత్రిలో చూపిస్తే రక్తపరీక్ష కూడా రాయకుండా "వయసు కదా, చివర్లో ఇలాగే ఉంటుంది" అన్నారు. బాబాయి "ఆ మత్తుమందే మనిషిని పాడు చేస్తోంది" అన్నాడు. నేనూ నమ్మి మాత్రలు ఆపేశాను. మర్నాటికి చెమటలు, వణుకు, విరేచనాలు. వాటి మీద అణిచిపెట్టిన నొప్పంతా తిరిగొచ్చింది. అప్పటికీ బస్సు దిగలేదు నాన్న!

జిల్లా ఆసుపత్రిలో నొప్పి, బాధ తగ్గించడానికి చూసే పాలియేటివ్ విభాగంలోని నర్సుకి ఏడుస్తూ ఫోన్ చేశాను. ఆవిడ కనిపించినవాళ్ళ గురించి ఒక్క ప్రశ్న వేయలేదు. మూత్రం ఎంత, విరేచనం ఎప్పుడైంది, జ్వరం ఉందా, నీళ్ళు తాగుతున్నాడా, కొత్త మందు ఏదైనా మొదలుపెట్టారా. ఇవే. ఆలోచిస్తే ముందురోజంతా కలిపి గ్లాసుడు కూడా రాలేదు. కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష చేస్తే క్రియాటినిన్ 3.6, చాలా ఎక్కువ. క్యాన్సర్ గడ్డ మూత్రం దారికి అడ్డుపడి కిడ్నీలు మొరాయించాయి. మార్ఫిన్‌ని లివర్ విరగ్గొట్టాక మిగిలే పదార్థాలు కిడ్నీల గుండానే బయటికి పోవాలి. పోయే దారి లేక రక్తంలో పేరుకుని మెదడునీ నరాలనీ రేపుతాయి. ఆ కలవరింతలు, ఎగిరిపాట్లు, దుప్పటి తగిలితే మంట, అన్నీ దాని వల్లేనట. ఇది తెలియక నొప్పి పెరిగిందనుకుని మోతాదు పెంచేవాళ్ళూ ఉంటారని డాక్టరు చెప్పారు.

గొట్టం వేసి మూత్రం తీశారు, సెలైన్ ఎక్కించారు. మార్ఫిన్ బదులు ఫెంటనిల్ అనే నొప్పిమందు ప్యాచ్ చర్మానికి అంటించారు, మూడు రోజులకోసారి మార్చాలి. రాత్రికి కలవరింతలు తగ్గడానికి కొద్దిపాటి హాలోపెరిడాల్. మూడో రోజు పొద్దున నాన్న అమ్మని పేరు పెట్టి పిలిచి కాఫీ అడిగాడు. అమ్మ జరిగిందంతా చెప్పింది. ఆయన అంతా విని, "వైరాకి టికెట్ తీసుకున్నావా మరి?" అన్నాడు. ఆ తర్వాత ఏడు వారాలు బతికాడు. చివరి నాలుగైదు రోజులు తప్ప మాతో మామూలుగానే మాట్లాడాడు. తను కట్టించిన తాయెత్తు వల్లే తగ్గిందని మా మేనత్త ఇప్పటికీ అంటుంది.

మన దగ్గర ఈ మందంటే భయమే తప్ప తెలివిడి లేదు. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో మార్ఫిన్ తీసే నల్లమందుని ప్రభుత్వం లైసెన్సు ఇచ్చి మరీ పండిస్తుంది. ఇక్కడ మాత్ర కోసం నేను తొమ్మిది మెడికల్ షాపులు తిరిగాను. ఒకాయన నన్ను కింద నుంచి పైదాకా చూశాడు, నేనే తాగడానికి అడుగుతున్నట్టు. 1985 నాటి మత్తుమందుల చట్టం పెట్టిన భయం అది. 2014లో చట్టాన్ని సడలించినా షాపులవాళ్ళ భయం సడలలేదు. రాసిచ్చిన డాక్టర్లు కూడా మలబద్ధకానికి మందు రాస్తారు గానీ, చేతులు ఎగిరిపడితే, మాట తేడాగా ఉంటే వెంటనే ఫోన్ చేయమని ఒక్క ముక్క చెప్పరు. చీటీ మీద రెండు లైన్లు. అరిగిపోతారా?

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. పిలిచినా లేవనంత మత్తు ఉండి, ఊపిరి బాగా నెమ్మదిస్తే ఫోన్లతో కాలక్షేపం చేయకండి, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఇంతకీ మీ మామయ్యగారికి క్రియాటినిన్ ఎంతుందో రాయలేదు. చివరిసారి పరీక్ష ఎప్పుడు చేయించారు?