పంపకాలకు ముందు అప్పు కాగితాలు చూసుకో

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ విడాకుల్లో ఇల్లు ఎవరికి వస్తుంది, పొదుపు ఎలా పంచుతారు అని వివరంగా అడిగావు గాని, ఇద్దరూ కలిసి సంతకం పెట్టిన అప్పుల గురించి ఒక్క మాటైనా రాయలేదు. కుటుంబ వ్యాజ్యాలు ముప్పై ఏళ్లు నడిపిన నాకు అక్కడే భయం వేసింది. విడాకులైన తరువాత మళ్లీ నా దగ్గరకు వచ్చినవారిలో ఎక్కువమందిని తీసుకువచ్చింది అప్పే.

ఒకామె సంగతి చెబుతాను. దంపతులిద్దరి పేరునా ఉన్న వాహన రుణాన్ని భర్తే తీర్చాలని వారి తీర్పులో స్పష్టంగా ఉంది. మూడేళ్ల తరువాత ఆమె ఆ తీర్పు నకలునూ, బకాయి కట్టమని తన పేరిట వచ్చిన బ్యాంకు నోటీసునూ ఒకే ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని వచ్చింది. ఆ వాక్యం కింద పెన్సిలుతో గీత గీసుకుని, ఇది చూపిస్తే బ్యాంకువాళ్లు ఒప్పుకోరా అని అడిగింది. ఒప్పుకోరు తల్లీ. తీర్పు భార్యాభర్తల మధ్య బాధ్యతను తేలుస్తుందే తప్ప, ఆ కేసులో పక్షమే కాని బ్యాంకును కట్టిపడేయదు. ఉమ్మడిగా సంతకం చేసిన ఇద్దరిలో ఎవరి దగ్గరనుంచైనా మొత్తం బాకీ రాబట్టుకునే హక్కు దానికి అలాగే ఉంటుంది. ఆమె ముందు కట్టి, ఆ సొమ్ము కోసం మాజీ భర్త మీద మళ్లీ కోర్టుకు వెళ్లవలసి వచ్చింది. ఆ ఒప్పందం రాసింది నేనే. రుణఖాతా మూయించకుండా సంతకాలు పెట్టించినందుకు ఈనాటికీ బాధపడుతున్నాను.

కాబట్టి ఉమ్మడి అప్పు ఏదైనా సరే, విడిపోయేలోపే దాని సంగతి తేల్చుకో. ఆస్తి అమ్మి తీర్చవచ్చు. ఒకరు తన ఒక్కరి పేరున కొత్త రుణం తీసుకుని పాతదాన్ని మూసివేయవచ్చు. లేదా నిన్ను బాధ్యత నుంచి తప్పించినట్లు బ్యాంకు చేత రాతపూర్వకంగా ఇప్పించుకోవచ్చు. ఇవేవీ కుదరకపోతే, నీ భర్త వాయిదా తప్పినందువల్ల నీకు కలిగే నష్టాన్ని భర్తీ చేయాలనీ, అందుకు అతని వాటాలో ఇంత భాగం హామీగా ఉండాలనీ ఒప్పందంలో రాయించు. అతని వ్యాపారానికి నువ్వు ఎప్పుడైనా హామీ సంతకం పెట్టి ఉంటే అదీ గుర్తు తెచ్చుకో. చాలామంది మరచిపోయేది అదే. ఉమ్మడి క్రెడిట్ కార్డు ఉంటే ఈ వారమే ఆపించు.

ఆస్తి విషయానికి వస్తే, నియమం ప్రాంతాన్ని బట్టి మారుతుంది. కాలిఫోర్నియాలో పెళ్లయ్యాక సంపాదించినది సాధారణంగా చెరిసగం. ఇంగ్లండులో 1973 నాటి చట్టం న్యాయమూర్తి విచక్షణకు వదిలింది. సంపాదించినవారికీ ఇల్లు నడిపినవారికీ మధ్య వివక్ష చూపరాదని 2000లో అప్పటి అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ చెప్పింది. భారతదేశంలో 1955 నాటి హిందూ వివాహ చట్టంలో చెరిసగం అనే సూత్రం లేదు. ఆస్తి ఎవరి పేరున ఉంది, డబ్బు ఎవరు పెట్టారు అన్నవి ముఖ్యమవుతాయి, స్త్రీధనం మాత్రం పూర్తిగా భార్యదే. వారసత్వంగా వచ్చినదాన్ని చాలాచోట్ల సొంత ఆస్తిగానే చూస్తారు గాని, దాన్ని ఉమ్మడి ఖాతాలో కలిపి ఏళ్ల తరబడి వాడుకుంటే విడిగా నిరూపించడం కష్టమవుతుంది.

ఇల్లు నాకే కావాలని రాశావు. ఆ మమకారం నాకు అర్థమవుతుంది, అయినా ముందు లెక్క వేసుకో. ఇంటి విలువ నూరు పాళ్లు, దాని మీద అప్పు అరవై అయితే పంచుకోవడానికి మిగిలేది నలభై మాత్రమే. సమానంగా పంచుకుంటే, ఇల్లు ఉంచుకునే నువ్వు అతనికి ఇరవై ఇచ్చి, ఆ అరవై అప్పునూ ఒక్కదానివే మోయాలి. మరమ్మతులు, పన్నులు వేరు. నీ ఒక్క జీతంతో ఆ వాయిదాలు గడవవనుకుంటే అమ్మడమే మేలని నా అభిప్రాయం. అలాగే చేతికి వచ్చే నగదునూ, ఎప్పుడో పదవీ విరమణ తరువాత పన్ను పోను అందే సొమ్మునూ సమానమని లెక్క కట్టనివ్వకు.

కోపంతో ఏదీ బంధువుల పేరుకు మార్చకు. అలాంటి బదిలీలను కోర్టు రద్దు చేయగలదు, ఆ తరువాత నీ నిజాన్ని కూడా అనుమానంగానే చూస్తారు.

ఇప్పుడు చేయవలసింది ఒకటే. గత మూడేళ్ల ఖాతా నివేదికలు, పన్ను రిటర్నులు, అన్ని రుణపత్రాలు, నీ పేరిట ఉన్న అప్పులన్నీ చూపే క్రెడిట్ నివేదిక తెప్పించి, ప్రతి అప్పుకూ ఎదురుగా అది ఎప్పుడు, దేనికోసం తీసుకున్నారో, ఎవరెవరు సంతకం చేశారో రాసి నాకు పంపు. అవి చూసేదాకా ఏ ఒప్పందం మీదా సంతకం పెట్టకు.

ఇట్లు,
మీ పెదనాన్న